పెరటి కబుర్లు: పగటి ఎండని నమ్మి నాటకండి

ఏప్రిల్ సగం దాటితే చాలు, నాకొచ్చే ఉత్తరాల్లో మూడొంతులు టమాటా నారు గురించే. కరివేపాకు చెట్టు ఎండిపోతోందని ఏడ్చేవాళ్ళు కూడా ఈ నెల దాన్ని పక్కన పెట్టేశారు. ఒక రోజు ఎండ, మర్నాడు జాకెట్, ఆ మర్నాడు ఈదురుగాలి. ఇలాంటి వాతావరణంలో నారు ఎప్పుడు బయట పెట్టాలన్నదే అందరి బాధ. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. మునగ విత్తనాల గురించి రాసిన బాబు వచ్చే నెల దాకా ఆగాలి.

"పెద్దమ్మగారూ, ఫిబ్రవరిలోనే కిటికీ దగ్గర టమాటా నారు పోశాను. మొక్కలు జానెడున్నర పొడుగయి ఒక పక్కకి వాలిపోతున్నాయి. మొన్న వరసగా మూడు రోజులు ఎనభై డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ కాసింది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు 'ఇంత ఎండ పెట్టుకుని ఇంకా ఇంట్లో దాచుకుంటావేంటి, అక్షయ తృతీయ నాడు నాటేద్దాం, కాపు అక్షయంగా ఉంటుంది' అంటున్నారు. మా ఆయనేమో 'స్టోర్లో అమ్మేస్తున్నారంటే నాటొచ్చనేగా' అంటారు. ఎవరి మాట వినమంటారు?" — ఒక కోడలు, ఎడిసన్, న్యూజెర్సీ

ఇద్దరి మాటా వద్దమ్మా. స్టోర్ వాడు మొక్క అమ్ముతాడు, దానికి అర్ధరాత్రి దుప్పటి కప్పడానికి రాడు. పైగా ఏప్రిల్‌లో కొన్నవాళ్ళే మే నెలలో మళ్ళీ కొంటారు, వాడికి పోయేదేముంది? ఇక అత్తగారి లెక్క ఆవిడ ఊళ్ళో నూటికి నూరుపాళ్ళూ సరైందే. అక్కడ పగలు ఎండ కాస్తే రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది. ఇక్కడ ఏప్రిల్‌లో పగలు ఎనభై ఉన్నా, గాలి ఉత్తరానికి తిరిగిందంటే రెండు రోజుల్లో రాత్రి ముప్ఫై అయిదుకి దిగిపోతుంది. టమాటాని చంపేది రాత్రి. అందుకని ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు పై అంకె వదిలేసి కింది అంకె చూడు.

మన మధ్య జెర్సీలో ఆఖరి ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద మంచు గడ్డకట్టే చలి, సగటున ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో పడుతుంది. సగటు అన్న మాట దగ్గరే చాలామంది బోల్తా కొడతారు. ఒక తేదీ సగటు అంటే దాదాపు సగం ఏళ్ళలో ఆ తేదీ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడుతుందని అర్థం. 2020లో మే 9న, మదర్స్ డే (మే రెండో ఆదివారం) ముందు రోజు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో మంచు రవ్వలు రాలాయి. 2023లో మే 18న కొట్టిన ఫ్రాస్ట్‌కి న్యూయార్క్, వెర్మాంట్ ద్రాక్షతోటల్లో లేత చిగుళ్ళు మాడిపోయాయి. పాతకాపులు మదర్స్ డే దాటాకే టమాటా నాటాలంటారు. నేనూ వాళ్ళ పక్షమే. కాకపోతే ఆ ఆదివారం కూడా రాబోయే పదిరోజుల రాత్రి అంకెలు చూసుకున్నాకే తవ్వుకోల తీస్తాను. వరసగా అన్నీ యాభై పైన ఉంటే సరే. మధ్యలో ఒక్క నలభై కనిపించినా ఆగుతాను.

రెండోది మట్టి. గాలి ఒక్క పూటలో వేడెక్కుతుంది, మట్టికి వారాలు పడుతుంది. ఎడిసన్ వైపు మీకుండే ఎర్రమట్టి నీళ్ళు పట్టుకుని కూర్చునే రకం, అది మరీ నెమ్మది. మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటరు ఉంటుంది చూడు, మా ఇంట్లో దాని ఉద్యోగం మట్టిలోనే. పొద్దున్నే, ఎండ పడకముందు, మూడు నాలుగు అంగుళాల లోతున గుచ్చి చూడు. అరవై దాటితే నాటొచ్చు. యాభై దగ్గర ఉంటే వేరు పని చెయ్యదు. మొక్క చావదు, పెరగదు, అలా చూస్తూ ఉంటుంది. అదే నారు రెండు వారాలు ఆగి వెచ్చటి మట్టిలో నాటినవాళ్ళు జూన్ నాటికి నిన్ను దాటిపోతారు. చెక్కలతో ఎత్తుగా కట్టిన మడి అయితే నేల కన్నా ముందే వేడెక్కుతుంది. మామూలు నేలయితే నల్ల ప్లాస్టిక్ షీటు మట్టికి గట్టిగా ఆనేట్టు పరిచి రెండు వారాలు వదిలెయ్యి. గడ్డి మాత్రం ఇప్పుడే కప్పొద్దు. గడ్డి కింద మట్టి చల్లగా ఉండిపోతుంది. దాని పని జూలైలో.

ఇప్పుడు ఆ వాలిపోయిన పిల్లల సంగతి. ఫిబ్రవరిలో పొయ్యడం తొందర. బయట పెట్టే రోజుకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు పోస్తే చాలు, అంటే మనకి మార్చి నడిమధ్య. అయినా పారెయ్యకు. టమాటా కాండం మట్టి తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. కాబట్టి అడుగు ఆకులు గిల్లేసి, పెద్ద కప్పుల్లోకి, పైన నాలుగు ఆకులు మాత్రమే కనిపించేట్టు లోతుగా దించు. పెరుగు డబ్బాలకి అడుగున చిల్లులు పొడిస్తే సరిపోతుంది, మన ఇళ్ళలో వాటికి కరువా? కిటికీ వెలుతురు చాలకే అవి సాగాయి. మామూలు ట్యూబులైటయినా ఫరవాలేదు, మొక్కల నెత్తికి మూడు నాలుగంగుళాల దూరంలో వేలాడదియ్యి. మేలో నేలలో పెట్టేటప్పుడు ఇంకోసారి లోతుగా పెట్టు. మరీ పొడుగయితే చిన్న కాలవ తీసి, కాండాన్ని అడ్డంగా పడుకోబెట్టి, కొన మాత్రం పైకి వంచి మట్టి కప్పు. లోతు గుంటలో కన్నా పైపొర మట్టి వెచ్చగా ఉంటుంది కూడా.

అత్తగారి మాట పూర్తిగా తీసెయ్యకు. ఇంట్లో శాంతి కూడా ముఖ్యమే. అక్షయ తృతీయ నాడు ఆవిడ చేతే మెంతులు, ధనియాలు, ముల్లంగి, పాలకూర చల్లించు. ఇవి చలికి జడిసేవి కావు. టమాటా నాటే వేళకి మెంతికూర పప్పులోకి వచ్చేస్తుంది, ఆవిడ చెయ్యి మంచిదన్న పేరూ దక్కుతుంది.

"ఆంటీ, శనివారం బాగా ఎండ కాసిందని నారంతా పొద్దున్నే డెక్ మీద పెట్టి సాయంత్రం లోపల పెట్టాను. ఆదివారానికి ఆకులు తెల్లగా, కాగితంలా అయిపోయాయి. తెగులా? ఏం మందు కొట్టాలి?" — నేపర్‌విల్, ఇల్లినాయ్

తెగులూ లేదు, మందూ లేదు. అది ఎండ దెబ్బ. ఏడాదంతా ఏసీ గదిలో కూర్చున్నవాణ్ణి తెచ్చి రోహిణి కార్తెలో పొలంగట్టున నిలబెట్టినట్టు చేశావు నాయనా. కిటికీ అద్దం ఎండలో ఉన్న చురుకుని చాలావరకు బయటే ఆపేస్తుంది. ఆ అద్దం వెనక పెరిగిన ఆకుకి నేరుగా పడే ఎండ తెలియదు, గాలి అసలే తెలియదు. తెల్లబడ్డ ఆకు మళ్ళీ పచ్చబడదు. కానీ మధ్యలో చిగురు బాగుంటే మొక్క బతికినట్టే. ఆ ఆకుల్ని ఇప్పుడే కత్తిరించకు, వాటిలో కాస్తో కూస్తో పచ్చదనం ఉంటే పని చేస్తూనే ఉంటాయి.

బయటి గాలికి అలవాటు చెయ్యడానికి వారం, పది రోజులు పడుతుంది. మొదట గంటా రెండు గంటలు, ఇంటి నీడన, గాలి తగలని మూల. తర్వాత పొద్దుటి లేత ఎండ. ఆ తర్వాత మధ్యాహ్నపు ఎండ. ఆఖరి రెండు రోజులు రాత్రి కూడా బయటే, యాభై కిందకి దిగకపోతేనే. చలిలో పెడితే గట్టిపడుతుందని కొందరు నలభైల్లో వదిలేస్తారు, అది టమాటాకి పనికిరాదు. నీళ్ళు కొంచెం తగ్గించు, వాడిపోయేదాకా మాత్రం ఆగకు. మీ వైపు గాలి సంగతి నీకే తెలుసు. లేత కాండాన్ని అటూ ఇటూ ఊపి మొదట్లో విరిచేస్తుంది. అమెజాన్ అట్టపెట్టె మూత, అడుగు తీసేసి మొక్క చుట్టూ నిలబెట్టి, లోపలి మూలల్లో రెండు పుల్లలు గుచ్చితే చాలు.

ఆఫీసుకెళ్ళే వాళ్ళం, రోజూ మోసుకుంటూ తిరగలేమంటావా? అలాంటప్పుడు నాలుగు రోజులు మబ్బుగా ఉంటుందన్న వారం చూసుకుని మొదలుపెట్టు. మబ్బు సగం పని చేసి పెడుతుంది. నేలలో నాటడం కూడా మబ్బు రోజునో, సాయంత్రం పూటో.

"అక్కా, అందరూ నాటేశారని మేమూ అప్పుడే నాటేశాం. ఇవాళ రాత్రికి 37 అని చూపిస్తోంది. ముప్ఫై రెండు అయితే కదా గడ్డ కట్టేది, అయిదు డిగ్రీలు తేడా ఉంది, నిశ్చింతగా పడుకోవచ్చా?" — ఎక్స్‌టన్, పెన్సిల్వేనియా

ఈ ఉత్తరం పత్రికలో వచ్చేసరికి ఆ రాత్రి ఎప్పుడో గడిచిపోతుంది కాబట్టి తమ్ముడికి విడిగా అప్పుడే జవాబు రాశాను. మిగతావాళ్ళ కోసం ఇక్కడ.

ఫోన్లో కనిపించే అంకె నేల మీద కొలిచింది కాదు. థర్మామీటరు మనిషి ఎత్తున ఉంటుంది. మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేలలోని వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందకి దిగి నేలని అంటిపెట్టుకుంటుంది. అందుకే పైన 36, 37 ఉన్నప్పుడే గడ్డి మీద తెల్లగా ఫ్రాస్ట్ పడుతుంది. రాత్రి మబ్బుగా ఉంటే అదే 37 పెద్దగా ఏమీ చెయ్యదు. కాస్త గాలి వీస్తున్నా పైనున్న వెచ్చటి గాలి కిందకి కలుస్తుంది. కాబట్టి అంకె ఒక్కటే చాలదు, సాయంత్రం బయటికెళ్ళి తలెత్తి చూడాలి. చుక్కలు మిలమిలా మెరుస్తూ, ఆకు కదలకుండా ఉంటే దుప్పట్లు తియ్యండి. ఫోన్లో డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది, అది ముప్ఫైల కింద ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. వేడి ఇంకా తొందరగా పడిపోతుంది. నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళు ఫ్రాస్ట్ అడ్వైజరీ అన్నారంటే జాగ్రత్త పడమని, ఫ్రీజ్ వార్నింగ్ అన్నారంటే ముప్ఫై రెండు, అంతకన్నా కింద అని. మీ పెరడు పల్లంలో ఉంటే వాళ్ళు చెప్పిన దానికన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువే లెక్క వేసుకోండి. చల్లటి గాలి నీళ్ళలాగే పల్లానికి పారుతుంది. కంచె అడ్డముంటే అక్కడే నిలిచిపోతుంది.

మధ్యాహ్నమే మొక్క మొదట్లో నీళ్ళు పొయ్యండి. తడి మట్టి పొడి మట్టి కన్నా ఎక్కువ వేడి దాచుకుంటుంది. కప్పడం పొద్దు వాలకముందే జరగాలి. భోంచేసి, సీరియల్ చూసి, పదింటికి టార్చిలైటు పట్టుకుని వెళ్తే కప్పాల్సిన వేడి అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. దుప్పటి మొక్క నెత్తిన కిరీటంలా ఉండకూడదు, అంచులు నేలకి ఆని ఉండాలి. మొక్కని వెచ్చగా ఉంచేది మట్టిలోంచి పైకొచ్చే వేడే గానీ దుప్పటి కాదు. పాత బెడ్‌షీట్లు మంచివి. ప్లాస్టిక్ వాడితే ఆకుకి తగలకుండా కర్రలు పాతి దాని మీద వెయ్యాలి, తగిలిన చోట ఆకు మాడుతుంది.

మన ఇళ్ళకి సరిపోయే చిట్కా గ్యాలన్ పాల డబ్బా. ఇంట్లో రోజూ పెరుగు తోడుపెట్టేవాళ్ళకి నెలకి ఎన్ని పోగవుతాయో చెప్పక్కర్లేదు. కత్తితో అడుగు కోసేసి మొక్క మీద బోర్లించండి. పిడి పక్కన పైన ఒక బెజ్జం చేసి అందులోంచి సన్నటి కర్ర మట్టిలోకి దింపితే గాలికి ఎగిరిపోదు. రాత్రి మూత పెట్టాలి, పొద్దున్నే తియ్యాలి. తియ్యడం మరిచిపోతే ఎండకి లోపల మొక్క ఉడికిపోతుంది. నిజానికి చలికి పోయిన మొక్కల కన్నా ఇలా ఉడికిపోయినవే ఎక్కువ చూస్తుంటాను. మొక్క డబ్బాలో పట్టనంత పెద్దదయితే అయిదు గ్యాలన్ల బకెట్ బోర్లించి పైన ఇటుక పెట్టండి. బకెట్ కూడా పొద్దున్నే తియ్యాల్సిందే.

దీపావళి లైట్లు చుడితే వెచ్చగా ఉంటుందా అని ఇంకొకరు అడిగారు. పాతకాలపు వేడెక్కే బల్బులయితే దుప్పటి కింద కొంత పని చేస్తాయి. ఇప్పటి ఎల్‌ఈడీలు వెలుగిస్తాయి, వేడి ఇవ్వవు. మొక్కకి అలంకారం తప్ప ఉపయోగం లేదు.

ఇంత చేసినా ఆకులు నల్లగా, ఉడకబెట్టినట్టు వేలాడితే వెంటనే పీకకండి. నాలుగయిదు రోజులు చూడండి. కాండం పచ్చగా ఉంటే కణుపుల్లోంచి చిగురొస్తుంది. కాండం కూడా మెత్తబడితే ఆశ వదిలేసుకోండి. అందుకే నేను నారంతా ఒకేసారి నాటను. సగం నేలలో, సగం కప్పుల్లో గరాజ్ గుమ్మం దగ్గర ఉంచుతాను. పది రోజుల తర్వాత రెండో సగం. మొదటి విడత నిలబడితే మిగిలిన కప్పులు పక్కింటి వాళ్ళకి, గుడికి.

"నాటి రెండు వారాలైంది. చావలేదు గానీ ఇంచీ పెరగలేదు. ఆకుల అడుగు భాగం వంకాయ రంగులోకి తిరిగింది. ఎరువు వెయ్యమంటారా?" — డబ్లిన్, ఒహాయో

వద్దు. మట్టి చల్లగా ఉంటే వేరు భాస్వరాన్ని లాక్కోలేదు, అందుకే ఆ ఊదా రంగు. మట్టిలో భాస్వరం ఉండే ఉంటుంది, వేరుకి అందడం లేదంతే. ఇప్పుడు ఎరువు పోస్తే అది కూడా అలాగే పడి ఉంటుంది. నీళ్ళు తగ్గించి ఆగు. రాత్రులు వెచ్చబడ్డాక కొత్త ఆకు మామూలు రంగులో వస్తుంది.

"మీరంతా ఆగమంటారు. ఇక్కడ ఆగితే కాపే ఉండటం లేదు. పోయినేడు ఏప్రిల్ చివర్లో నాటితే మొక్క బాగా గుబురుగా పెరిగింది, పూత పూసింది, అంతా రాలిపోయింది." — ఫ్రిస్కో, టెక్సస్

మీకు నా సలహా తలకిందులుగా చదువుకోవాలి. డాలస్ చుట్టుపక్కల ఆఖరి ఫ్రాస్ట్ సగటున మార్చి మధ్యలోనే అయిపోతుంది. మీకు భయం చివరి చలి కాదు, ముందుకొచ్చే వేడి. రాత్రి డెబ్బై అయిదు దిగకపోతే, పగలు తొంభై అయిదు దాటితే పుప్పొడి పని చెయ్యదు, పువ్వు రాలిపోతుంది. మీకది జూన్‌లోనే మొదలవుతుంది. అంటే మార్చి నడుమ నుంచి జూన్ లోపల మొక్క నాటి, పెంచి, కాయ నిలబెట్టుకోవాలి.

మాది మదనపల్లె వైపు. వేసవిలో దేశానికంతా టమాటా పంపే ఊరు. ఏప్రిల్, మే ఎండల్లో అక్కడ కాయ నిలబడటానికి పెద్ద కారణం ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటమే. పగలు కాసినా రాత్రికి కాస్త చల్లబడుతుంది. కింద కోస్తాలో అదే నెలల్లో ఆ రాత్రి చలవ దొరకదు. ఫ్రిస్కోలో కూడా దొరకదు.

కాబట్టి మీరు పెద్ద మొక్కతో పరుగు మొదలుపెట్టాలి. జనవరి మొదట్లోనే నారు పోసి, ఫిబ్రవరి చివరికి గ్యాలన్ కుండీల్లోకి మార్చండి. పగలు బయట, చలి రాత్రి గరాజ్‌లో. మార్చి మధ్య దాటగానే నేలలోకి. ఆ తర్వాత ఒక చలి రాత్రి తప్పకుండా వస్తుంది, దుప్పట్లు సిద్ధంగా పెట్టుకోండి. రకాల్లో పెద్ద కాయల జోలికి పోకండి, అవి ఆలస్యం. సెలబ్రిటీ, ఎర్లీ గర్ల్ లాంటివి వెయ్యండి. రెండు మొక్కలు చెర్రీ రకం ఉంచుకోండి, మిగతావి పూత రాల్చినా అది ఇంకొన్నాళ్ళు కాస్తుంది.

వడగళ్ళు మీకు మార్చి నుంచి మే దాకా ఉండేవే. చిన్న మొక్కల మీద ప్లాస్టిక్ లాండ్రీ బుట్ట బోర్లించి ఇటుక పెడితే చాలు. వెలుతురూ లోపలికి పోతుంది, గాలీ ఆడుతుంది, వడగల్లు మాత్రం ఆగుతుంది.

"ఫ్రాస్ట్ గొడవ మాకు లేదు. ఏప్రిల్‌లో నాటాం. పూలు వస్తున్నాయి, కాడ దగ్గర పసుపుపచ్చగా అయి రాలిపోతున్నాయి." — ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

వేడికి రాలినట్టే చల్లదనానికీ రాలుతాయి. రాత్రి యాభై అయిదు కింద ఉంటే పుప్పొడి సరిగ్గా తయారుకాదు. బే (అఖాతం) గాలి తగిలే చోట మే అంతా అలాగే ఉంటుంది. వచ్చే ఏడాది దక్షిణం వైపు గోడ పక్కన వేసుకోండి. ఇప్పటికి ఉన్న మొక్కల్ని మధ్యాహ్నం పూట పూగుత్తి మీద వేలితో చిన్నగా తట్టండి. జూన్‌లో నిలబడతాయి. దీనికి కూడా ఎరువు వెయ్యకండి, ఆకు పెరిగి మిమ్మల్ని మురిపిస్తుందే గానీ కాయ రాదు.

"చల్లటి వసంతాన్ని తట్టుకునే మంచి రకం ఒకటి చెప్పండి. పప్పులోకి పులుపు ఉండాలి." — మన్రో, న్యూజెర్సీ

ఫ్రాస్ట్‌ని తట్టుకునే టమాటా లేదు, ఆ పేరుతో ఎవరైనా అమ్మితే కొనకండి. తొందరగా కాసేవి ఉన్నాయి, అంతే. మన రాష్ట్రంలోనే పుట్టినవి వెయ్యమంటాను. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు 1934లో విడుదల చేసిన రట్గర్స్ రకం ఒకప్పుడు ఈ దేశపు సూప్ డబ్బాల్లోకి, రసం సీసాల్లోకి వెళ్ళింది. 1968లో రామాపో వచ్చింది. రామాపో రుచికి నేను బానిసని. తీపి ఎంతో పులుపూ అంతే, పచ్చడికి చింతపండు సగం తగ్గించుకోవచ్చు. ఆలస్యంగా కాస్తుంది, అందుకని పక్కన ఒక ఎర్లీ గర్ల్ పెట్టుకోండి. పప్పు జూలైలోనే మొదలవ్వాలిగా.

"పోయినేడు మొదటి కాయలన్నీ వంకర్లు, మడతలు, అడుగున గోధుమరంగు మచ్చలు. జబ్బు కాయలని మా వారు బయట పారేశారు." — షార్లెట్, నార్త్ కరోలినా

అయ్యో, పారేయడమెందుకు? పిందె కట్టకముందు, మొగ్గ లోపల రూపు దిద్దుకునేటప్పుడు చలి తగిలితే కాయ అలా వంకరపోతుంది. మొదటి ఒకటి రెండు గుత్తులకే పరిమితం. పెద్ద కాయల రకాలకి ఎక్కువ, చెర్రీ రకాలకి దాదాపు ఉండదు. జబ్బు కాదు, పక్క మొక్కకి అంటదు. మచ్చ గట్టిగా, బెరడులా ఉంటుంది. అంతవరకు చెక్కేసి మిగతాది కోసుకోండి. రుచిలో తేడా ఉండదు. మడతల్లో మాత్రం మట్టి ఇరుక్కుంటుంది, కడిగేటప్పుడు చూసుకోండి. నూనెలో పచ్చిమిరపకాయలతో పాటు మగ్గబెట్టి రోట్లో వేశాక ఏది వంకరో మీ వారికీ తెలియదు.